తేనెటీగ ఎవరి కోసం చస్తుంది?

(పాఠకుల ప్రశ్నలకు జంతుశాస్త్ర విశ్రాంత అధ్యాపకురాలి జవాబులు. మత్తికెరె, బెంగళూరు.)

ప్రశ్న: మేడమ్ గారూ, మా అపార్టుమెంటులో ఆరో అంతస్తు సజ్జ కింద పెద్ద తేనెపట్టు పట్టింది. మొన్న ఒక ఈగ మా అబ్బాయిని కుట్టింది. ముల్లు చేతిలోనే ఉండిపోయింది, ఈగేమో కాసేపటికి చచ్చిపోయింది. వాడు ఏడో తరగతి. "కుడితే చచ్చిపోయే ఈగ ఎందుకు కుట్టిందమ్మా?" అన్నాడు. "తన జాతిని కాపాడుకోవడానికి నాన్నా" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "బతికి పిల్లల్ని కన్నవాటి గుణాలే మిగులుతాయని మా మిస్ చెప్పింది. ఈ ఈగలకి పిల్లలే ఉండరు కదా, మరి ఈ గుణం ఎలా మిగిలింది?" అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: మీ అబ్బాయి పట్టుకున్న ముడి చిన్నది కాదమ్మా. డార్విన్‌నే తిప్పలు పెట్టింది. పిల్లల్ని కనని కూలి చీమలు, కూలి ఈగలు తన సిద్ధాంతానికి ప్రత్యేకమైన చిక్కు అనీ, మొదట్లో దాని నుంచి బయటపడలేననిపించిందనీ 1859లో అచ్చయిన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

ముందు ఒక అవసరమైన మాట. ముల్లు కనపడగానే గోటితోనైనా సరే తీసేయండి. ఈగ ఎగిరిపోయాక కూడా ఆ ముల్లు వెంట ఊడి వచ్చిన తిత్తి విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. దాని దగ్గర మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. మిగతా ఈగలకి అదే పిలుపు. అందుకని అక్కడే నిలబడకుండా లోపలికి వెళ్లిపోవాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక ప్రశ్నకి వస్తాను. "జాతి కోసం" అనే జవాబు వినడానికి గొప్పగా ఉంటుంది. నేను డిగ్రీ కాలేజీలో చెప్పినన్నాళ్లూ పరీక్ష పేపర్లలో ఎర్రసిరాతో ఎక్కువగా కొట్టేసింది ఆ మాటనే. ఎందుకు నిలవదో చూడండి. ఒక అడవిలో పక్షులు, తిండి అందరికీ సరిపోవాలని తమంతట తామే తక్కువ గుడ్లు పెడుతున్నాయనుకుందాం. వాటి మధ్య ఎక్కువ గుడ్లు పెట్టే పక్షి ఒక్కటి పుడితే చాలు. మిగతావి వదులుకున్న తిండి దాని పిల్లలు తింటాయి. తరం గడిచేకొద్దీ వాటి సంఖ్యే పెరుగుతుంది, వదులుకునే గుణం అడుగంటిపోతుంది. జంతువులు తమ గుంపు మేలు కోరి సంతానాన్ని అదుపులో పెట్టుకుంటాయని 1962లో విన్-ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త పెద్ద పుస్తకమే రాశాడు. 1966లో జార్జ్ విలియమ్స్ అందులోని లొసుగు విప్పి చూపించాక ఆ వాదన ఆ రూపంలో మళ్లీ లేవలేదు. బతికి పిల్లల్ని కన్నవాటి గుణాలే మిగలడాన్ని ప్రకృతి వరణం అంటాం. దానికి ముందుచూపు లేదు. జాతి ఏమైపోతుందోనన్న బెంగ లేదు. ఏ గుణం తాలూకు జన్యువుల నకళ్లు తర్వాతి తరంలోకి ఎక్కువగా వెళితే ఆ గుణం మిగులుతుంది.

మరి చచ్చిపోయిన ఈగ తన నకలును ఎలా పంపింది? వాళ్లమ్మ ద్వారా. పట్టులో వేల ఈగలున్నా గుడ్లు పెట్టే పని దాదాపుగా రాణిదే. కూలి ఈగలన్నీ ఆమె కూతుళ్లు. మీ అబ్బాయి చేతిలో దిగిన ముల్లుకి వెనక్కి వంగిన పళ్లుంటాయి. ఇంకో పురుగుని కుడితే ముల్లు తిరిగి బయటికి వచ్చేస్తుంది. మన చర్మం మందం, పైగా సాగుతుంది కాబట్టి అందులో ఇరుక్కుంటుంది, ఈగ పొట్ట చిరిగిపోతుంది. ఆ పళ్లు రావడానికి కారణమైన జన్యువులు ఆ ఈగకి అమ్మానాన్నల నుంచే వచ్చాయి. అమ్మ నుంచి వచ్చినవి రాణిలో ఇంకా ఉన్నాయి, రేపు ఆమె కనబోయే కొత్త రాణుల్లో, మగ ఈగల్లో కూడా ఉంటాయి. తేనె కోసం ఎలుగుబంటో కోతో మనిషో వచ్చినప్పుడు కూతుళ్లు గట్టిగా కుట్టిన పట్టు మిగిలింది, ఆ రాణికి వారసులు పుట్టారు. కూతుళ్లు వెనక్కి తగ్గిన పట్టు పోయింది, ఆ రాణి వంశం అక్కడితో ఆగింది. కుట్టిన ఈగ పోయినా, కుట్టే గుణం దాని తోబుట్టువుల వెంట ఇంకో పట్టుకి చేరింది.

డార్విన్‌కి జన్యువుల సంగతి తెలియదు. అయినా దారి పట్టుకున్నాడు. రుచిగా ఉన్న కూరగాయని వండుకు తింటాం, ఆ కాయ పోతుంది. తోటమాలి మాత్రం అదే రకం విత్తనాలు మళ్లీ చల్లుతాడు, మళ్లీ అదే రుచి వస్తుంది. ఎంపిక కుటుంబం మీద కూడా పనిచేస్తుందని ఆయన చెప్పింది ఇలాగే. ఏడో తరగతి పిల్లాడికి ఈ కూరగాయ సరిపోతుంది.

మీకోసం ఇంకొంచెం చెబుతాను. 1964లో విలియం హామిల్టన్ దీనికి లెక్క కట్టాడు. సాయం పొందినవాడి లాభాన్ని చుట్టరికంతో గుణించండి. వచ్చింది సాయం చేసినవాడి నష్టం కంటే ఎక్కువైతే ఆ సాయపడే గుణం తరాల మీద పెరుగుతుంది. లాభం, నష్టం రెండూ పుట్టే పిల్లల లెక్కలో చూడాలి. చుట్టరికం అంటే ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన జన్యువుల వాటా. అది తోబుట్టువుకి సగం, మేనల్లుడికి పావు, పినతండ్రి పిల్లలకి ఎనిమిదో వంతు. కూలి ఈగ ఎలాగూ పిల్లల్ని కనేది అరుదు. కాబట్టి చచ్చిపోవడం వల్ల ఈ లెక్కలో అది పోగొట్టుకునేది చాలా కొద్ది. అది కాపాడేది మాత్రం మొత్తం పట్టుని.

ప్రశ్న: కూలి తేనెటీగకి వేరే దారి లేదు కాబట్టి రాణికి చాకిరీ చేస్తోంది. సొంతంగా పిల్లల్ని కనగలిగి ఉండి కూడా వేరొకరి పిల్లల్ని పెంచే జీవి ఏదైనా ఉందా? ఈ కీటకాల్లో అక్కచెల్లెళ్ల చుట్టరికం సగం కాదు, ముప్పావు అని మా పాఠంలో ఉంది. పరోపకారానికి అదే కారణమా?
ఎమ్మెస్సీ విద్యార్థి, యలహంక

జవాబు: ఉంది బాబూ, మన ఊళ్లోనే ఉంది. మీ హాస్టలు కిటికీకే ఉండొచ్చు. ఎర్రమట్టి రంగులో, పొట్ట చుట్టూ పసుపు గీతతో, సన్నటి నడుముతో ఉండే కందిరీగ. శాస్త్రీయ నామం రోపాలిడియా మార్జినేటా.

మా వంటింటి కిటికీ రెక్క వెనక ఒక గూడు ఉంది. ఎండు కాడలూ చెక్కపొట్టూ గీకి, నమిలి, లాలాజలంతో అతికించిన బూడిదరంగు కాగితపు గూడు. ఆరు మూలల గదులు. పైన కప్పు కట్టవు కాబట్టి లోపలి గుడ్లు, పిల్లపురుగులు కంటికి కనిపిస్తాయి. ఎండెక్కాక ఒక కందిరీగ గొంగళిపురుగుని ముద్ద చేసి నోట కరుచుకుని వస్తుంది. గూటి మీదున్నవి ఎదురెళ్లి తలా ఇంత లాక్కుంటాయి. అలా తీసుకున్నది నమిలి నమిలి, గదిలోకి తల దూర్చి పిల్లపురుగు నోట పెడుతుంది. అలా పెట్టేదానికి ఆ గూట్లో సొంత పిల్ల ఒక్కటీ ఉండదు. గుడ్లు పెట్టేది ఒక్కతే. ఆ ఒక్కతి ఎవరో చూసి చెప్పడం కష్టం. ఒళ్లు పెద్దది కాదు, రంగు వేరు కాదు, ఎవరి మీదా పెత్తనం చేయదు. మెత్తటి రాణి.

మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థలో, అదే మన ఆటోవాళ్ల టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, రాఘవేంద్ర గడగ్కర్ ఈ కందిరీగల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. ఆయనా, ఆయన విద్యార్థులూ ప్రతి కందిరీగ ఒంటి మీదా రంగు చుక్కలు పెట్టి, ఏది ఏ పని చేస్తోందో గంటల కొద్దీ కూర్చుని రాసుకున్నారు. రాణిని గూట్లోంచి తీసేస్తే నిమిషాల్లో కూలీల్లో ఒకటి ఉగ్రరూపం దాలుస్తుంది, మిగతావాటి మీద పడుతుంది. రాణిని తిరిగి పెట్టేస్తే చల్లబడుతుంది. పెట్టకపోతే ఓ వారానికి అదే గుడ్లు పెట్టే రాణి అవుతుంది, కోపం తగ్గి పాత రాణిలాగే మెత్తబడుతుంది. అంటే నిన్నటిదాకా గొంగళిపురుగులు మోసిన కూలికి తల్లి అయ్యే సత్తా మొదటినుంచీ ఉంది. గూడు వదిలి వెళ్లి సొంతంగా ఇంకోటి మొదలుపెట్టేవీ ఉన్నాయి. నువ్వడిగిన "దారి" వాటికి ఉంది.

ఇక ముప్పావు సంగతి. చీమలు, ఈగలు, కందిరీగల్లో మగవి ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి పుడతాయి. తండ్రి ఒక్కడే అయితే ఆయన జన్యువులన్నీ ప్రతి కూతురికీ యథాతథంగా వెళ్తాయి కాబట్టి అక్కచెల్లెళ్ల చుట్టరికం ముప్పావు అవుతుంది. నిజమే. కానీ అదే లెక్కలో అన్నదమ్ములతో చుట్టరికం పావే. రెండూ సమానంగా పెంచితే సగటు మళ్లీ సగానికే వస్తుంది. పైగా తేనెటీగ రాణి చాలా మగ ఈగలతో కలుస్తుంది. మన కందిరీగ రాణి కూడా ఒక్కడితో ఆగదు, రాణులూ మారుతుంటారు. కాబట్టి కూలి పెంచే పిల్లల్లో చెల్లెళ్లు, సవతి చెల్లెళ్లు, మేనకోడళ్లు, ఇంకా దూరపువాళ్లు కలిసిపోతారు. గడగ్కర్ బృందం కొలిచి చూస్తే ముప్పావుకి చాలా తక్కువే వచ్చింది. మీ పాఠం ఎక్కడ ఆగిందో అక్కడే అసలు కథ మొదలవుతుంది.

హామిల్టన్ లెక్కలో చుట్టరికం ఒక్కటే లేదు, లాభనష్టాలు కూడా ఉన్నాయి. ఒంటరి కందిరీగ బతుకు చూడు. గూడు కట్టాలి, గుడ్లు పెట్టాలి, పిల్లపురుగులకి వారాల కొద్దీ తిండి తేవాలి. మధ్యలో ఏ పక్షో మింగేస్తే గూట్లోని పిల్లలన్నీ ఆకలితో చస్తాయి. ముప్పావు వంతు పెంచినా ఫలితం సున్నా. అదే గుంపులో కూలిగా ఉంటే, అది చచ్చిపోయిన రోజు దాకా పెంచినంత పెంపకం వృథా పోదు, మిగతావి అందుకుంటాయి. అల్పాయుష్షు జీవికి ఇది పెద్ద భరోసా. గడగ్కర్ 1990లో ఈ వాదాన్ని వివరంగా నిలబెట్టారు. దీనికి తోడు, ఏదో ఒక రోజు రాణి అయ్యే ఆశ ఎలాగూ ఉంది. నా మటుకు, మన ఊరి నుంచి జీవశాస్త్రానికి వెళ్లిన మంచి ఆలోచనల్లో ఇది ముందు వరసలోది. మన డిగ్రీ పాఠాల్లో దీనికో పేజీ ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అలాగని చుట్టరికాన్ని తీసిపారేయకు. 2008లో నలుగురు శాస్త్రవేత్తలు ఈగలు, కందిరీగలు, చీమల వంశవృక్షాన్ని తిరగేసి చూస్తే, ఈ రకం సంఘజీవనం మొదలైన ప్రతిచోటా ఆదిలో రాణి ఒక్క మగవాడితోనే కలిసేదని తేలింది. పలువురితో కలవడం తర్వాత వచ్చింది. ఇంకోటి, గూట్లో ఉన్నదంతా అనురాగమే అనుకోకు. కూలి తేనెటీగలు అప్పుడప్పుడూ దొంగచాటుగా గుడ్లు పెడతాయి. తోటి కూలీలే వాటిని వెతికి తినేస్తాయని 1989లో రాట్నిక్స్, విషర్ చూపించారు. 2010లో నోవాక్, టార్నిటా, ఇ.ఓ. విల్సన్ హామిల్టన్ లెక్కే అక్కర్లేదని రాస్తే, మరుసటి ఏడాది 130 మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి ఖండించారు. రెండు వైపులా చదువు. నేను ఖండించినవాళ్ల పక్షం.

కిటికీకి గూడు కడితే, చేయి తగలని చోటైతే చీపురు ఎత్తకు. నోటుపుస్తకం తీసుకుని కూర్చో.

ప్రశ్న: కన్నులాంటి అవయవం దశలవారీగా ఎలా వస్తుంది? లాల్‌బాగ్‌లో నాతో నడకకి వచ్చే మిత్రుడు ఇంజనీరు. "సగం కన్నుతో ఏం లాభం? పూర్తిగా ఉండాలి, లేదా ఉండకూడదు" అంటారు.
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, జయనగర్

జవాబు: అయ్యా, వెనకటి రోజుల్లో శుక్లం ఆపరేషన్ అంటే కంట్లో కటకం మొత్తం తీసేసేవారు, బదులు పెట్టేవారు కాదు. మీ ఇద్దరి అమ్మమ్మల తరంలో అలాంటివాళ్లు ఉండే ఉంటారు. ఆ మందపాటి కళ్లద్దాలు తీసేసినా గుమ్మం ఎటుందో, ఎదురుగా మనిషి వస్తున్నాడో లేదో వాళ్లకి తెలిసేది. కటకం లేని కన్ను సున్నా కాదు. మీ మిత్రుడి వాదన అక్కడే వీగిపోతుంది.

సగం కళ్లతో హాయిగా బతుకుతున్న జీవులు ఇప్పటికీ ఉన్నాయి. చెరువు నీటిలోని యూగ్లీనాకి ఒక చుక్క ఉంటుంది, వెలుతురు ఎటు నుంచి వస్తోందో తెలిస్తే దానికి చాలు. ప్లనేరియా అనే చదును పురుగుకి చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది, నీడ ఏ దిక్కున పడిందో కూడా తెలుస్తుంది. సముద్రంలోని నాటిలస్‌కి ఆ గుంట మూతి బాగా ముడుచుకుపోయి సూదిబెజ్జమంత అయింది. కటకం లేకుండానే మసక బొమ్మ పడుతుంది. వానాకాలంలో మన పెరళ్ల మీద పడే ఆఫ్రికా నత్తకి కొమ్ముల చివర కటకమున్న చిన్న కన్నే ఉంది. ఇవి ఒకదాని నుంచి ఒకటి పుట్టాయని కాదు, ప్రతి మెట్టూ దాని యజమానికి పనికొస్తుందని. అదే కావలసింది.

1994లో నిల్సన్, పెల్గర్ అనే ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తలు చదునైన చర్మపు ముక్క నుంచి చేప కన్ను దాకా లెక్క వేశారు. ఒక్కో మెట్టుకి ఒక్క శాతం మార్పే. 1,829 మెట్లు పట్టాయి. వరణం చాలా బలహీనంగా ఉందనుకున్నా 4 లక్షల తరాల లోపే పని అయిపోతుందని తేలింది. ఏడాదికో తరం చొప్పున చూస్తే భూమి చరిత్రలో అది రెప్పపాటు. కటకంలోని మాంసకృత్తుల్లో కొన్ని కన్ను కోసం కొత్తగా పుట్టినవి కూడా కావు. వేడికి కణాలు పాడవకుండా కాపాడే మాంసకృత్తుల చుట్టాలే అవి.

మీ మిత్రుడితో ఒక పని చేయించండి. తెల్ల కాగితం మీద ఎడమ పక్క కూడిక గుర్తు, కుడి పక్క 8 సెంటీమీటర్ల దూరంలో నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తీసుకురమ్మనండి. అడుగు దూరానికి వచ్చేసరికి చుక్క మాయమవుతుంది. మన కంటి నరాల తీగలు నేత్రపటలం (కంటి లోపల వెలుతురుని పట్టే పొర) ముందు నుంచి పాకి, ఒకచోట దాన్ని తొలుచుకుని వెనక్కి వెళ్తాయి. ఆ చోట చూపు లేదు. ఆక్టోపస్ కంట్లో తీగలు వెనకే ఉన్నాయి, దానికి ఈ గుడ్డిచుక్క లేదు. ఇంజనీరు గీసిన కన్నైతే ఇలా ఉండదు కదా. ఉన్నదాన్నే సర్దుకుంటూ వచ్చిన కన్ను ఇలా ఉంటుంది.

ప్రశ్న: ఎత్తుకి ఏ జన్యువు కారణం? పరీక్ష చేయిస్తే మా అమ్మాయి ఎంత ఎత్తు పెరుగుతుందో తెలుస్తుందా?
కె.ఆర్.పురం పాఠకురాలు

జవాబు: ఒక్కటి కాదమ్మా. ఎన్నో జన్యువులు తలా కొంచెం చేయి వేస్తే ఎత్తులాంటి గుణం వస్తుందని 1918లోనే ఫిషర్ లెక్కతో చూపించాడు. 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసిన అధ్యయనంలో ఎత్తుతో ముడిపడిన తేడాలు 12,000 చోట్ల కనిపించాయి. అందులో ఎక్కువమంది ఐరోపా మూలాలవాళ్లు, కాబట్టి ఆ అంచనాలు మన పిల్లల విషయంలో అంత బాగా కుదరవు. పరీక్షకి డబ్బు పెట్టొద్దు. పిల్లకి గుడ్లు, పప్పు, పాలు, నిద్ర చూసుకోండి. ఎదుగుదల ఆగినట్టనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: 2022 సెప్టెంబరు వానలకి బెళ్లందూరు వైపు మా వీధి మునిగిపోయింది. ఎవరో ట్రాక్టరు డ్రైవరు నడుము లోతు నీళ్లలో దిగి, మా అత్తగారిని ఎత్తుకుని ట్రాలీలో కూర్చోబెట్టి మెరక మీదకి చేర్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా భాష కూడా అతనికి రాదు. మా అన్నయ్య మాత్రం, పరోపకారమంతా జన్యువుల స్వార్థమే అంటాడు. నాకు మింగుడుపడటం లేదు.
ఒక కోడలు, సర్జాపుర రోడ్డు

జవాబు: మింగక్కర్లేదమ్మా. మీ అన్నయ్య రెండు ప్రశ్నల్ని కలిపేస్తున్నాడు.

ఒకటి, పరాయివాళ్లకి సాయపడే గుణం మనుషుల్లో ఎలా నిలిచింది అన్నది. దీనికి జవాబు ప్రకృతి వరణంలో వెతకవచ్చు. మళ్లీ మళ్లీ ఎదురుపడే జీవుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం వల్ల చుట్టరికం లేకపోయినా సాయం నిలుస్తుందని 1971లో రాబర్ట్ ట్రైవర్స్ వివరించాడు. రక్తం తాగే గబ్బిలాలకి రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే ప్రాణం పోతుంది. కడుపు నిండినవి ఆకలితో ఉన్నవాటికి కక్కి పెడతాయని జెరాల్డ్ విల్కిన్సన్ కోస్టారికాలో గమనించి 1984లో ప్రచురించాడు. చుట్టాలకే కాదు, కలిసి వేలాడే పరాయి నేస్తాలకి కూడా. మనుషుల్లో దీనికి మాట, పేరు, జ్ఞాపకం తోడయ్యాయి. చిన్న గుంపుల్లో వేల తరాలు బతికినవాళ్లలో, ఆపదలో చేయి అందించేవాళ్లతోనే నలుగురూ జతకట్టారు. మళ్లీ కలుస్తారో లేదో తెలియని మనిషి పట్ల కూడా కదిలే మనసు అలా వచ్చిందని చాలామంది అనుకుంటారు, అయితే దీని మీద వాదన ఇంకా నడుస్తోంది.

రెండోది, ఆ డ్రైవరు ఆ క్షణంలో ఎందుకు దిగాడు అన్నది. దీనికి జవాబు అతని మనసులో ఉంది, అతని పూర్వీకుల సంతాన లెక్కల్లో లేదు. తల్లిప్రేమ కూడా వరణం వల్లే వచ్చింది. అందుకని మీరు బిడ్డకి పాలిస్తూ లెక్కలు వేస్తున్నారని ఎవరూ అనరు కదా.

ఈ తేడా బాగా తెలిసినవాడు, పైన చెప్పిన హామిల్టన్ చుట్టరికం లెక్కకి ముందే బీజం వేసిన బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. తర్వాత 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్ ఆయనే. 1955లో రాసిన ఒక వ్యాసంలో ఆయన, నీట మునిగే పిల్లాడిని కాపాడబోయి పదింట ఒక వంతు ప్రాణాపాయానికి సిద్ధపడే జన్యువు ఉంటే, ఆ పిల్లాడు సొంత బిడ్డ అయితే అది ఎలా పెరుగుతుందో, దూరపు చుట్టం అయితే ఎలా తగ్గుతుందో లెక్క చూపించాడు. ఆ వెంటనే ఇంకో మాట చేర్చాడు. మునిగిపోతున్నట్టున్న మనుషుల్ని తాను రెండుసార్లు నీళ్లలోంచి లాగాననీ, ఆ రెండుసార్లూ ఇలాంటి లెక్కలు వేసుకునే వ్యవధి తనకి లేకపోయిందనీ.

స్వార్థం ఉండాలంటే మనసుండాలి. జన్యువుకి మనసు లేదు, నకళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ డ్రైవరుకి మనసుంది. మీ అత్తగారు క్షేమంగా మెరక చేరాలనే అతను దిగాడని మీకనిపిస్తే, జీవశాస్త్రంలో దాన్ని కాదనేది ఏదీ లేదు. మీ అన్నయ్యకి ఈ హాల్డేన్ సంగతి చెప్పండి. ఇంకా వాదిస్తే నాకు ఉత్తరం రాయమనండి.